ఏడో ఏటి ఆల్బం

చరిత్ర రాసి పెట్టమని ఉత్తరం వచ్చిన రోజున శ్రీకాకుళం మిషను బాలికల పాఠశాలలో సంవత్సరాంతపు పరీక్షలు జరుగుతున్నాయి. సంగీతానికి పరీక్ష లేదు కాబట్టి సంగీతం టీచరు పరంజ్యోతిని పొద్దున ఒక గదికీ మధ్యాహ్నం ఇంకో గదికీ కాపలా వేశారు. ఆమెకి యాభై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. గంటసేపు నిలబడితే కాళ్ళు వాచిపోయేవి. ఉత్తరం విప్పి చూసి, మడిచి, చేతిసంచిలో పెట్టేసుకుంది. రెండు రోజుల దాకా దానికి జవాబు రాయలేదు.

ఉత్తరం పంపింది విజయనగరం గాన సమాజం అధ్యక్షుడు నారాయణమూర్తి. ఒకప్పుడు పేరున్న ప్లీడరు. డెబ్భై దాటాయి, ప్రాక్టీసు మానేశాడు. ఆ సమాజం ప్రతి ఏడూ మంచి ఆల్బం ఒకటి ఎంచి వెండి పళ్ళెం బహుమతిగా ఇస్తుంది. మొదలుపెట్టింది యాభై ఏడులో. ఇప్పుడు అరవై తొమ్మిది. పన్నెండేళ్ళు నిండాయి కాబట్టి ఒక సంచిక అచ్చు వేద్దామని ఆయన ఆలోచన. అందులో బహుమతి చరిత్ర మీరే రాయాలి, మొదటినుంచీ ఉన్నవాళ్ళలో మిగిలింది మనమిద్దరమే, నాకు కళ్ళు కనబడటం లేదు, అని ఎవరి చేతో రాయించాడు.

అది నిజమే. న్యాయనిర్ణేతలు ముగ్గురుండేవారు. మూడో ఆయన వయొలిన్ మేష్టారు, రెండేళ్ళ క్రితం పోయాడు. ఆయన చోట్లో ఎవరినీ వేసుకోలేదు. అడిగిన ఇద్దరూ తీరిక లేదన్నారు.

సెలవులిచ్చాక పరంజ్యోతి తన గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని రాయడం మొదలుపెట్టింది. ఈ కాలం పిల్లలకి ఆల్బం అంటే ఏమిటో చెప్పాలి కదా అని అక్కణ్ణించి ఎత్తుకుంది. ఆల్బం అంటే ఆ రోజుల్లో నిజంగా పుస్తకమే. రెండు దళసరి అట్టల మధ్య కాగితపు సంచులు కుట్టి, ఒక్కో సంచిలో ఒక్కో రికార్డు పెట్టి అమ్మేవారు. పుస్తకం పేజీలు తిప్పినట్టు తిప్పుకోవాలి. చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టేంత బరువు. ఒక్కొక్క వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. మూడు రికార్డులైనా లేకపోతే ఆల్బంగా లెక్క కట్టకూడదని సమాజం నియమం.

మొదటి ఏడు పౌరాణిక నాటకం పద్యాల ఆల్బంకి ఇచ్చారు. ఆ సభకి జనం హాలు పట్టక కిటికీల్లో కూర్చున్నారు. మూడో ఏడు నాగస్వరం. ఐదో ఏడు ఒక్కటే ఆల్బం వచ్చింది, పోటీ లేకుండా ఇవ్వడం బాగుండదని మానేశారు. ఆరో ఏడు క్రైస్తవ కీర్తనల ఆల్బం ఒకటి వస్తే, నేను ఆ మతస్థురాలిని, నేను మార్కులు వెయ్యకూడదని పరంజ్యోతి తప్పుకుంది. తక్కిన ఇద్దరూ దానికే బహుమతి ఇచ్చారు. తొమ్మిదో ఏడు సినిమా పాటలు లెక్కలోకి వస్తాయా రావా అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాదించుకున్నారు. పదో ఏడు మొట్టమొదటిసారి పెద్ద రికార్డు వచ్చింది. ఒక్కదాంట్లోనే పన్నెండు పాటలున్నాయి. సమాజం గ్రామఫోను పెట్టె మీద అది తిరగదు, వేగం వేరు. ఒక డాక్టరు గారింటి నుంచి కొత్త పెట్టె అరువు తెచ్చి విన్నారు. అప్పుడు వయొలిన్ మేష్టారు, ఒక్క రికార్డులోనే పుస్తకం అంతా పట్టేస్తే ఇంక దీన్ని ఆల్బం అని ఎందుకనాలి అని అడిగాడు. 

ఇవన్నీ పరంజ్యోతి మూడు రోజుల్లో రాసేసింది. ఏడో ఏడు మాత్రం ఖాళీగా వదిలింది. నాలుగో రోజు ఆ ఖాళీ ముందు కూర్చుని, కాసేపు కలం పట్టుకుని, లేచి వెళ్ళి పడుకుంది.

ఏడో ఏడు, అంటే అరవై మూడులో, బహుమతి అందుకున్న ఆల్బం పేరు ‘కళింగ తీరపు పడవ పాటలు’. అట్ట మీద నరసింగరావు బృందం అని ఉంటుంది. నరసింగరావుది అరసవల్లి. నాటకాలకి హార్మోనియం వాయించేవాడు, పద్యాలు పాడేవాడు. ఆ ఆల్బం ఆ ప్రాంతంలో బాగా అమ్ముడుపోయింది. పెళ్ళిళ్ళలో మైకు సెట్ల వాళ్ళు ఆ రికార్డు అరిగిపోయేదాకా వేశారు. అందులో అందరూ వేయించుకున్నది మూడో రికార్డు మొదటి వైపు పాట. సముద్రంలోకి పడవ తోసేటప్పటి పాట. అది పాడింది నరసింగరావు కాదు. ఒక ఆడమనిషి.

ఆ మనిషి ఎవరో పరంజ్యోతికి తెలుసు. బహుమతికి రెండేళ్ళ ముందు మాట. ఆదివారాలు మిషను ఆసుపత్రిలో రోగుల దగ్గర కీర్తనలు పాడటం ఆమెకి అలవాటు. ఆడవాళ్ళ వార్డులో కళింగపట్నం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మంచం పట్టి ఉండేది. ఆమె కూతురు దాలమ్మ తోడుకి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చునేది. కీర్తన రెండో చరణానికి వచ్చేసరికి దాలమ్మ వెనకనుంచి అందుకునేది. మాటలు రావు, రాగం మాత్రం పట్టేది. గొంతులో చిన్న జీర ఉండేది. పై స్థాయికి వెళ్ళినప్పుడు ఆ జీర విడిపోయి గొంతు ఒక్కసారిగా తేటపడేది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాట నేర్పిన పరంజ్యోతి అలాంటి గొంతు ఇంకోటి వినలేదు.

సమాజం గదిలో ఆ రికార్డు వేసినప్పుడు పాట రెండో పాదంలోనే ఆమె గుర్తుపట్టింది. ఇది ఆడగొంతు కదా, అట్ట మీద ఒక్క నరసింగరావు గారి పేరే ఉందేమిటి, అని అడిగింది. బృందం అని ఉంది కదమ్మా, అందులో అందరూ వస్తారు అన్నాడు నారాయణమూర్తి. ఆమె ఇంకో మాట అనబోయి గడియారం చూసింది. శ్రీకాకుళం వెళ్ళే ఆఖరి బస్సుకి వేళయింది. కాగితం మీద సంతకం పెట్టి లేచిపోయింది.

అంతే జరిగింది. ఎవరూ ఆమె నోరు నొక్కలేదు. బస్సుకి వేళయింది, అంతే. ఆ తరవాత నరసింగరావు పళ్ళెం అందుకుంటుంటే మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మూడేళ్ళకి నరసింగరావు పోయాడు. ఇప్పుడు ఆ ఏడు గురించి తన చేత్తో రాయాలి.

మే నెల చివర ఒక మంగళవారం ఆమె కళింగపట్నం బస్సెక్కింది. కొండల్లో తిరుగుబాటు నడుస్తోందని ఆ ఏడాది దారిలో పోలీసులు బస్సులు ఆపి, అందర్నీ దింపి సంచులు వెతుకుతున్నారు. ఆమె సంచిలో గొడుగూ, రొట్టెలూ, పాటల పుస్తకమూ చూసి వదిలేశారు. మళ్ళీ ఎక్కడానికి మెట్టు ఎత్తుగా ఉండి కండక్టరు చెయ్యి అందించాల్సి వచ్చింది. ఈ వయసులో ఈ తిరుగుడు ఎందుకు నాకు అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

దాలమ్మని వెతకడం కష్టం కాలేదు. ఒడ్డు మీద ఇసకలో నెత్తళ్ళ చేపలు ఎండబోసి, పొడుగాటి కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. ముసలిదానిలా కనబడింది. పరంజ్యోతిని చూసి కర్ర దించి, ఆస్పత్రిలో దేవుడి పాటలు పాడిన అమ్మగారు కదా అని పోల్చుకుంది. తాటాకుల చాటుకి తీసుకెళ్ళి, తిరగేసిన గంప మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. తల్లి ఆ తరవాత రెండేళ్ళు బతికిందని చెప్పింది.

పరంజ్యోతి వచ్చిన పని చెప్పింది. ఆల్బంకి బహుమతి వచ్చిన సంగతి దాలమ్మకి తెలియనే తెలియదు. ఏమిచ్చారని అడిగింది. పళ్ళెం అని చెబితే, అన్నం తినేదా అంది. కాదు, పేరు చెక్కి ఇంట్లో పెట్టుకునేది అంది పరంజ్యోతి. దాలమ్మ తలూపింది. ఆ విషయం అక్కడితో అయిపోయినట్టు కాకుల వైపు చూసింది.

"ఆ గొంతు నీదని నాకు ఆ రోజే తెలుసు దాలమ్మా" అంది పరంజ్యోతి. "తెలిసీ గట్టిగా అనలేదు. బస్సు పోతుందని సంతకం పెట్టి వచ్చేశాను."

దాలమ్మకి అందులో తప్పేమీ కనబడలేదు.

"బస్సు పోతే మరి రేతిరికి ఎక్కడుంటారమ్మా" అంది.

ఆ మాటకి పరంజ్యోతి తల దించుకుంది. ఇన్నాళ్ళకైనా నీ పేరు అచ్చులో రాయాలనుకుంటున్నాను, నువ్వు ఒప్పుకుంటే చాలు అంది. దాలమ్మ వెంటనే వద్దంది. ఎందుకని పరంజ్యోతి అడిగితే, లేచి వెళ్ళి కాకుల్ని తోలి వచ్చి, ఈసారి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, సముద్రం కేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

అరవై రెండు ఎండాకాలంలో నరసింగరావు మనుషులు వచ్చి ఆమెను శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ఒక సత్రం గదిలో గోడలకి బొంతలు వేలాడదీసి, తలుపులు మూసి, మద్రాసు నుంచి తెచ్చిన రికార్డింగు మిషను ముందు నిలబెట్టారు. ఉక్కకి కళ్ళు తిరిగాయి. పాడు అన్నారు, పాడింది. ఎదురుగా ఒకాయన గడియారం పట్టుకుని కూర్చున్నాడు. మూడు నిమిషాలు కాగానే చెయ్యి పైకెత్తాడు. చెయ్యెత్తితే ఆపెయ్యాలని ముందే చెప్పి ఉంచారు. ఆమె ఆపేసింది. పాట ఇంకా ఉంది బాబూ అని చెబితే, రికార్డు మీద ఇంక చోటు లేదన్నారు. రెండో వైపు పాడతానంది. ఆ వైపు నరసింగరావు గారికి ఇచ్చేశాం అన్నారు.

"ఆ పాట అలాగ ఆపకూడదమ్మా" అంది దాలమ్మ. "పడవని నీటిలోకి దోసినప్పుడు ఎత్తుకుంటే, కెరటం దాటించాల, వల ఏయించాల, మళ్ళీ ఒడ్డుకి తేవాల. తెచ్చినాకే ఆపాల. మా అమ్మ అలాగే పాడింది, ఆల అమ్మా అలాగే పాడింది. నాను వల ఏసిన కాడ ఆపీసినాను."

ఆ అక్టోబరులో గాలివాన వచ్చింది. ఊళ్ళో పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒక్క గంగులు పడవ తప్ప. అందులో ముగ్గురున్నారు. మూడు రోజులు ఊరంతా ఒడ్డు మీదే కూర్చుంది. పడవ చెక్క కూడా కొట్టుకు రాలేదు. రెండు నెలలకి రికార్డు బజారులోకి వచ్చింది. పక్క ఊళ్ళో పెళ్ళికి మైకులో వేస్తే ఊరంతా విన్నారు. పాట వల వేసిన చోటికి వచ్చి ఆగిపోయింది. ఆ మర్నాడు గంగులు పెళ్ళాం దేముడమ్మ దాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తిట్టనేదమ్మా" అంది దాలమ్మ. "ఏడవనూ నేదు. పడవని సముద్రం మజ్జిన ఒగ్గీసి వొచ్చినావు గదే, అంది. అంతే అంది. అనీసి ఎల్లిపోనాది. నానేటి సెప్పగలను?"

ఆ తరవాత ఊళ్ళో ఎవరూ ఆమెను పాటకి పిలవలేదు. పడవ తోసేటప్పుడు ఆమె ఎదురొస్తే ఆగి, ఆమె వెళ్ళిపోయాక తోసేవారు. ఆమె భర్త పడవలోకి ఎవరూ రాకపోతే రెండేళ్ళు వాళ్ళ మేనమామ ఊళ్ళో వేటకి వెళ్ళాడు. ఆమె పాట మానేసింది. ఇంట్లో కూడా పాడలేదు.

"నువ్వు నమ్మావా ఆ మాట?" అని అడిగింది పరంజ్యోతి.

"నమ్మనేదు" అంది దాలమ్మ. ఇసకలో కర్ర గుచ్చి, "నమ్మకుండానూ ఉండనేదమ్మా" అంది.

కిందటేడు దేముడమ్మ తన కూతురి పెళ్ళికి ఆమెను పిలిచింది. ఆరేళ్ళ తరవాత మొదటి పిలుపు. అప్పటినుంచి ఊళ్ళో తక్కిన వాళ్ళూ మాట్లాడుతున్నారు.

"ఇప్పుడిప్పుడే మర్సిపోతన్నారు" అంది దాలమ్మ. "మీరు కాయితం మీద నా పేరు అచ్చేయిస్తే మళ్ళీ అదంతా లెగుస్తాది. ఆ పాట నాది కాదనీసుకున్నాను. మీరూ అలాగే అనీసుకోండి."

పరంజ్యోతి తప్పు దిద్దుతానని వచ్చింది. దిద్దితే ఎవరికి మేలో ఇప్పుడు తెలియడం లేదు. రొట్టెలు సంచిలోంచి తీసి దాలమ్మకి ఇచ్చి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చింది. దారంతా నిద్రపోయింది.

వారం రోజులు ఆ కాగితాల జోలికి పోలేదు. పేరు రాయకూడదు. అలాగని, ఏడో ఏడు బహుమతి పడవ పాటలు పాడిన నరసింగరావుగారికి, అని రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి ఒక పేరా రాసి, అచ్చుకి ఇచ్చే ముందు నరసింగరావు భార్య లక్ష్మీనరసమ్మకి చెప్పాలనుకుంది. సభకి ఆమెను పిలుస్తారు. ముందు వరసలో కూర్చోబెడతారు. ఆమె అందరిలో చదివి తెలుసుకోవడం అన్యాయం.

లక్ష్మీనరసమ్మ అరసవల్లిలో సూర్యుడి గుడి వెనక సందులో ఉంటుంది. ముందు రెండు గదులూ యాత్రికులకి ఇస్తుంది. పరంజ్యోతి వెళ్ళేసరికి వాకిట్లో చాప మీద కూర్చుని దీపాలకి వత్తులు చేస్తోంది. ఆదివారం కాదు కాబట్టి సందు ఖాళీగా ఉంది. పరంజ్యోతి నిలబడే విషయం చెప్పబోతే, కూర్చోమని చాప సగం ఖాళీ చేసింది.

పరంజ్యోతి పేరా చదివి వినిపించింది. లక్ష్మీనరసమ్మ చేతిలో వత్తి ఆగలేదు. చదవడం అయ్యాక, ఆయన ఆ రికార్డు ఇంట్లో ఎప్పుడూ వెయ్యలేదండీ అంది. రికార్డు కంపెనీ వాళ్ళు జాలరి మనిషి పేరు వేస్తే ఎవరు కొంటారన్నారట. ఆయన సరేనన్నాడు. పళ్ళెం తెచ్చిన రోజున బీరువా మీద పెట్టి, పేరు గోడ వైపు తిప్పాడు. ఆమె తుడవడానికి ఇటు తిప్పితే, మర్నాటికి మళ్ళీ అటే ఉండేది.

"ఓసారి పొందూరు చీర ఒకటి కొని, సంచిలో పెట్టుకుని కళింగపట్నం ఎల్లేరు" అంది. "మర్నాడు అదే చీరతో తిరిగొచ్చేరు. ఏటైందని నాను అడగనేదు. ఆయనా సెప్పనేదు. ఆ చీర నాకు పెట్టేరు. నాను కట్టనేదండీ."

పరంజ్యోతి ఈ పేరా వేసుకోవచ్చా అని అడిగింది.

"ఏసుకోండి టీచరుగారూ" అంది లక్ష్మీనరసమ్మ. "హార్మనీ ఆయనే వాయించేరని కూడా రాయండి. అది బాగానే వాయించేరు."

పళ్ళెం తీసుకెళ్ళి ఆ మనిషికి ఇచ్చెయ్యమంటే ఇస్తానంది. ఆమెకి వద్దు అంది పరంజ్యోతి. అయితే ఉండనీ అని లక్ష్మీనరసమ్మ వత్తులు కట్ట కట్టింది.

జూన్ మొదట్లో పరంజ్యోతి విజయనగరం వెళ్ళింది. నారాయణమూర్తి ఇంటి అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. కళ్ళకి పొర కమ్మింది, ఆపరేషన్‌కి చలికాలం రానివ్వమన్నారట. వ్యాసమంతా ఆమె చేతనే చదివించుకున్నాడు. నాగస్వరం సంగతీ, వయొలిన్ మేష్టారి సంగతీ వచ్చినప్పుడు నవ్వాడు. ఏడో ఏటి పేరా వచ్చింది. అందులో ఇలా ఉంది:

‘ఆ ఆల్బంలో అందరి మన్ననా పొందిన పడవ పాటలోని గాత్రం నరసింగరావుగారిది కాదు. ఆయన హార్మోనియం వాయించారు, చక్కగా వాయించారు. పాడినది ఒక స్త్రీ. ఆమె కోరిక మీద పేరు ఇవ్వడం లేదు. ఆ పాట నిడివి రికార్డు నిడివి కంటె ఎక్కువ. విన్నది పూర్తి పాట కాదని శ్రోతలు గ్రహించాలి. ఈ సంగతి న్యాయనిర్ణేతల్లో ఒకరికి ఆనాడే తెలుసు. ఆ ఒకరు ఈ వ్యాసం రాసినవారే.’

నారాయణమూర్తి కుర్చీలో లేచి కూర్చున్నాడు. ఇది అచ్చు వేస్తే ఇన్నేళ్ళ బహుమతుల మీదా మచ్చ పడుతుందన్నాడు. ఆ కంపెనీ వాళ్ళు ఇంక రికార్డులు పంపరన్నాడు. పోయినవాడి మీద ఇప్పుడు ఈ మాట అవసరమా అన్నాడు. లక్ష్మీనరసమ్మ ఒప్పుకుందని చెబితే, ఆమెకేం తెలుసన్నాడు. ఆమెకి అన్నీ తెలుసని పరంజ్యోతి చెప్పింది. కోర్టులో వాదించినట్టు ఇంకా రెండు మూడు కారణాలు చెప్పాడు. దేనికీ ఆమె ఎదురు వాదించలేదు. ఈ పేరా తీసేస్తే వ్యాసం కింద నా పేరు వెయ్యకండి అని మాత్రం అంది. ఆ మాట కూడా నెమ్మదిగానే అంది. గట్టిగా అనే ఓపిక లేదు.

నారాయణమూర్తి మళ్ళీ వెనక్కి వాలాడు. లోపల్నుంచి కోడలు కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి వెళ్ళింది. ఆయన తాగకుండా గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"ఆఖరి మాట మళ్ళీ చదవండి" అన్నాడు.

ఆమె చదివింది.

"ఒకరికి అని రాసేరు. ఇద్దరికి అని దిద్దండి."

పరంజ్యోతి తలెత్తి చూసింది.

"నాకు చెవుడు లేదు కదండీ" అన్నాడు నారాయణమూర్తి. "మగాడు అలా పాడడని తెలీదా నాకు? నరసింగరావు గొంతు ఇరవై ఏళ్ళుగా విన్నవాణ్ణి. మీరు అడుగుతారేమో అనుకున్నాను. మీరు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను."

ఆమె సంచిలోంచి కలం తీసి దిద్దింది. రచయిత పేరు కింద తన పేరు కూడా వెయ్యమన్నాడు. వేసింది. ఇద్దరూ ఆ తరవాత ఎండ గురించీ, ఆయన కంటి ఆపరేషన్ గురించీ మాట్లాడుకున్నారు. బస్సు వేళకి ఆయన వీధి చివరి దాకా చెయ్యి పట్టుకుని వస్తానన్నాడు గాని ఆమె వద్దంది.

సభ ఆగస్టులో జరిగింది. ఉదయంనుంచి ముసురు. ముప్పై మంది వచ్చారు. ఆ ఏడు బహుమతికి రెండే ఆల్బంలు వచ్చాయి. రెండూ పెద్ద రికార్డులే. వాటిలో వీణ కచేరీకి పళ్ళెం ఇచ్చారు. అందుకోవలసిన ఆవిడ మద్రాసు నుంచి రాలేదు, తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. లక్ష్మీనరసమ్మ ముందు వరసలో కూర్చుంది. సంచిక ఒళ్ళో పెట్టుకుంది గాని తెరవలేదు. ఆమెకి చదువు రాదని పరంజ్యోతికి అప్పుడు తెలిసింది.

ఏడో ఏటి పేరా గురించి ఎవరైనా లేచి అడుగుతారని నారాయణమూర్తి జవాబు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఎవరూ అడగలేదు. సభ అయ్యేసరికి వాన పెద్దదైంది. జనం సంచికలు నెత్తిన పెట్టుకుని బజారు వైపు పరుగెత్తారు. తరవాత కూడా ఒక్క ఉత్తరం రాలేదు. కంపెనీ వాళ్ళు ఏమీ అనలేదు. మరుసటి ఏటికి రికార్డులు పంపమని సమాజం ఎవరికీ రాయలేదు. మానేద్దామని ఎవరూ తీర్మానించలేదు. ఎవరూ రాయలేదు, అంతే. బహుమతి అలా ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ మోసినది దింపేస్తే తేలికగా ఉంటుందనుకుంది పరంజ్యోతి. అలా ఏమీ అనిపించలేదు. పళ్ళు తోముకోవడం, బడికి వెళ్ళడం, మోకాళ్ళకి నూనె రాసుకోవడం, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కటే తేడా. ఇక ఏటా ఏప్రిల్ నెలలో మూడు రోజులు విజయనగరంలో కూర్చుని బరబరమనే రికార్డులు వినే పని తప్పింది.

ఆ ఏడు డిసెంబరులో ఒక శనివారం బజారులో దాలమ్మ కనబడింది. గంప దించి, పాత గోనె పరిచి, ఎండుచేపలు కుప్పలు పెట్టుకుని కూర్చుంది. పరంజ్యోతిని చూసి జరిగి నీడలో చోటిచ్చింది. పరంజ్యోతి అక్కడ గోడకి ఆనుకుని నిలబడింది. నీ పేరు రాయలేదు అని చెప్పింది.

"మంచి పని సేసారు" అంది దాలమ్మ. ఇంకేం రాశారని అడగలేదు.

ఒకావిడ నెత్తళ్ళు బేరమాడి కొనుక్కుని వెళ్ళాక, దేముడమ్మ కూతురికి బిడ్డ పుట్టాడని దాలమ్మ చెప్పింది. ఉయ్యాల్లో వేసిన రోజున తననూ పిలిచారు. అందరూ తలో పాటా పాడుతున్నారు. దేముడమ్మ తన వైపు తిరిగి, నువ్వూ ఒకటి పాడవే అంది.

"పాడేవా?" అని అడిగింది పరంజ్యోతి.

"జోల పాట పాడినాను. గొంతేది మరి? ఏడేళ్ళై మూలన పడీసినాను గదా. కప్ప అరిసినట్టున్నాది." దాలమ్మ ఈగల్ని తోలింది. "అయినా గుంటడు పడుకుండిపోనాడు."

పరంజ్యోతి నవ్వింది. దాలమ్మ ఒక పొట్లం కట్టి చేతిలో పెట్టింది. ఊరికే ఎందుకని ఈమె, ఉంచమని ఆమె, కాసేపు పెనుగులాడారు. చివరికి పొట్లం సంచిలో వేసుకుని పరంజ్యోతి బయల్దేరింది. నాగావళి వంతెన దాకా వెళ్ళేసరికి కుడి మోకాలు సలపడం మొదలుపెట్టింది. పిట్టగోడ మీద కూర్చుని, కాలు చాపుకుని, నొప్పి తగ్గేదాకా కింద బట్టలుతుకుతున్న చాకళ్ళని చూసింది. తరవాత లేచి నెమ్మదిగా ఇంటికి నడిచింది.